మోకాలు వంగితే చాలదు, నిలవాలి



వైద్య సాయం కోసం వచ్చే అర్జీల్లో గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, కంటి ఆపరేషన్ అన్న మాటలు కనబడగానే మన మనసు కరిగిపోతుంది. మోకాలి దెబ్బ అని ఉంటే మాత్రం అంతగా కదలం. "నాలుగు రోజులు పడుకుంటే అదే తగ్గుతుందిలే" అనుకుంటాం. నిజమే, మోకాలి దెబ్బతో సాధారణంగా ప్రాణం పోదు. కానీ మనం ఉండేది కరువు నేల. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా కాలానికి రాకపోతే చెనక్కాయ పంట చేతికి రాదు. అప్పుడు బేల్దారి పనికో, మూటలు మోయడానికో, బెంగళూరులో కట్టడాల పనికో పోవాలి. ఈ పనులన్నిటికీ పెట్టుబడి ఒక్కటే, నిలబడే కాళ్లు. అందుకే ఈ సంచికలో మోకాలి లిగమెంట్ దెబ్బ గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ము ఇలాంటి రోగికి ఎక్కడ, ఎప్పుడు ఎక్కువ ఉపయోగపడుతుందో తెలియాలంటే ముందు ఆ జబ్బేమిటో తెలియాలి.

షామియానా గుంజకు నాలుగు తాళ్లు

తుంటి కీలును చూస్తే గిన్నెలో బంతి కూర్చున్నట్టు ఉంటుంది. ఎముకే ఎముకను పట్టుకుని ఉంటుంది. మోకాలికి అలాంటి ఏర్పాటు లేదు. పైన తొడ ఎముక చివర రెండు గుండ్రని ఉబ్బులు ఉంటాయి. కింద కాలి ఎముక పైభాగం దాదాపు పీటలా చదునుగా ఉంటుంది. పీట మీద రెండు గుండ్లు పెడితే అవి ఎటైనా దొర్లిపోవచ్చు. మోకాలు అలా దొర్లిపోకుండా పట్టుకునేవే లిగమెంట్లు. ఇవి ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలు. మన ఊళ్లలో "మోకాల్లో నరం తెగింది" అని అంటుంటారు. చాలాసార్లు అది నరం కాదు, లిగమెంటే.

పెళ్లిలో వేసే షామియానా గుంజను గుర్తు తెచ్చుకోండి. దాన్ని నిలబెట్టేవి నలువైపులా లాగి కట్టిన తాళ్లు. మోకాలికీ ముఖ్యమైనవి నాలుగే. కీలు లోపల రెండు పట్టీలు ఒకదానినొకటి దాటుతూ అడ్డంగా ఉంటాయి. వాటిలో ముందుదాన్ని డాక్టర్లు ఏసీఎల్ అంటారు. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మెలి తిరగకుండా పట్టుకునేది ఇదే. దీని పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు. అంత చిన్నదైనా, ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో అది 200 కిలోల బరువుకు సమానమైన లాగుడును తట్టుకోగలదు. వెనక ఉండే పీసీఎల్ ఇంకా మందమైనది. అది కాలి ఎముక వెనక్కి పోకుండా ఆపుతుంది. మోకాలికి లోపలి పక్కన ఎంసీఎల్, బయటి పక్కన ఎల్‌సీఎల్ ఉంటాయి. మోకాలు పక్కలకు విచ్చుకోకుండా చూసేవి ఈ రెండూ.

వీటితో పాటు రెండెముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. వీటిని మెనిస్కస్ అంటారు. బరువును సమానంగా పరచడం, చదునైన పీటను కాస్త గుంటగా మార్చి గుండ్లు కుదురుగా కూర్చునేలా చేయడం వీటి పని. ఎముకల చివర నున్నగా ఉండే పూతనే మనవాళ్లు "గుజ్జు" అంటారు. లిగమెంటు తెగితే చివరికి ఈ మెత్త మీదికి, ఈ గుజ్జు మీదికి కూడా వస్తుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాం.

కదలిక వేరు, నిలకడ వేరు

మోకాలు తలుపు బందు లాగా ఒక్క ఇరుసు మీద తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అంత సులువైన కీలు కాదు. మోకాలు వంగేటప్పుడు తొడ ఎముక ఒకవైపు దొర్లుతుంది, మరోవైపు జారుతుంది. దొర్లడం మాత్రమే ఉంటే అది వెనక అంచు దాటి పడిపోతుంది. ఎంత దొర్లాలో, ఎక్కడి నుంచి జారాలో దారి చూపేవి లోపలి రెండు లిగమెంట్లే. కాలు పూర్తిగా చాపే చివరి క్షణంలో కాలి ఎముక కొంచెం బయటికి తిరిగి, గొళ్లెం పడినట్టు బిగుసుకుంటుంది. అందుకే మనం నమాజులో ఖియామ్‌లో చాలాసేపు నిలబడినా తొడ కండరాలు తొందరగా అలసిపోవు. 

మామూలు మనిషి మోకాలు 135 నుంచి 140 డిగ్రీల దాకా వంగుతుంది. సజ్దాలోను, ఖాదాలో కూర్చున్నప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు అంతకన్నా ఎక్కువ వంగాల్సి వస్తుంది. వంగడం, చాపడం కదలికకు సంబంధించినవి. ఆ కదలిక జరుగుతున్నంతసేపూ ఎముకలు తమ దారి తప్పకుండా ఉండడం నిలకడ. ఈ రెండూ ఒకటి కావు. మోకాలు చక్కగా వంగుతూ, చక్కగా చాపుకుంటూ ఉండి కూడా నిలకడ లేకుండా ఉండొచ్చు. ఈ వ్యాసంలో మేం చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

లిగమెంటు చేసే మరో పని బయటికి కనబడదు. దానిలో సన్నని నరాల కొనలు ఉంటాయి. కళ్లు మూసుకున్నా మన కాలు ఎంత వంగి ఉందో మనకు తెలుస్తుంది కదా, ఆ కబురు మెదడుకు చేరవేసేవాటిలో ఇవీ ఉంటాయి. లిగమెంటు తెగితే ఆ కబురు సరిగ్గా అందదు. కాలు తప్పుగా పడుతోందని కండరాలకు తెలిసేలోపే మనిషి కింద పడిపోతాడు.

ఏది ఎప్పుడు తెగుతుంది?

ఏసీఎల్ ఎక్కువగా తెగేది ఎవరో కొట్టినందుకు కాదు. పరుగెత్తుతున్నవాడు ఒక్కసారిగా ఆగినప్పుడు, పాదం నేలకు ఆని ఉండగానే ఒళ్లు పక్కకు తిరిగినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు తెగుతుంది. కబడ్డీలో కూతకు పోయినవాడి కాలు పట్టుకుంటే అతడు మెలి తిరుగుతూ లాక్కునే క్షణం ఇలాంటిదే. సాయంత్రం గట్టి నేల మీద క్రికెట్, వాలీబాల్ ఆడే మన పిల్లలకూ ఇదే ప్రమాదం. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఈ దెబ్బ ఎక్కువ. అంతమాత్రాన ఆడపిల్లలను ఆట మాన్పించనక్కర్లేదు. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడం, మోకాళ్లు లోపలికి వాలకుండా ఎగిరి దిగడం నేర్పిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది.

పీసీఎల్ ఎక్కువగా తెగేది బైకు ప్రమాదాల్లో. మోకాలు మడిచి కూర్చున్నవాడి కాలి ఎముక ముందుభాగం రోడ్డుకో, ఎదుటి బండికో తగిలి వెనక్కి నెట్టబడుతుంది. మోకాలికి బయటి పక్క నుంచి బలమైన దెబ్బ తగిలితే లోపలి ఎంసీఎల్ సాగిపోతుంది లేదా తెగుతుంది. ఎల్‌సీఎల్ ఒక్కటే తెగడం అరుదు. అది తెగినప్పుడు పక్కనే ఉన్న నరం కూడా దెబ్బతిని పాదం పైకి లేవకపోవచ్చు.

దెబ్బను మూడు మెట్లుగా చెబుతారు. మొదటిది లిగమెంటు సాగడం, రెండోది కొంత తెగడం, మూడోది పూర్తిగా తెగిపోవడం. మొదటి మెట్టులో నొప్పి ఉన్నా నిలకడ పోదు. మూడో మెట్టులో వింతగా, కొన్నాళ్లకు నొప్పి తగ్గిపోయి నిలకడ మాత్రం తిరిగి రాదు.

ఒక్క హెచ్చరిక మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ప్రమాదంలో మోకాలు వంకరపోయి, పాదం చల్లబడినా, పాలిపోయినా, స్పర్శ తెలియకపోయినా మోకాలి వెనక ఉన్న పెద్ద రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. దాదాపు 6 గంటల్లోపు రక్తం తిరిగి పారకపోతే కాలే తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అలాంటప్పుడు కట్లు, పట్లు అని ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

వాపు పోయింది, జబ్బు పోలేదు

ఏసీఎల్ తెగిన రోజు జరిగేది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మోకాల్లో "టప్" మని చప్పుడు. నిలబడలేనంత నొప్పి. కొద్ది గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బుతుంది, ఎందుకంటే లోపల రక్తం చేరుతుంది. ఇంట్లో అందరూ కంగారు పడతారు. రెండు మూడు వారాలకు వాపు తీస్తుంది. నెలకల్లా మనిషి చదును నేల మీద మామూలుగా నడుస్తాడు. "అల్‌హమ్దులిల్లాహ్, తగ్గిపోయింది" అని పనికి పోతాడు.

మోసం జరిగేది ఇక్కడే. షామియానా తాడు ఒకటి తెగినా గాలి లేని పూట గుంజ నిలబడే ఉంటుంది. అది చూసి తాడు బాగానే ఉందనుకోలేం కదా. చదును దారిలో తిన్నగా నడవడానికి ఏసీఎల్ అవసరం తక్కువ. బస్సు దిగుతూ పక్కకు తిరిగినప్పుడు, గుట్ట మీద నుంచి గొర్రెల వెంట కిందికి దిగేటప్పుడు, చెనక్కాయ చేలో గులకరాళ్ల మీద అడుగు వేసినప్పుడు, సిమెంటు గంప నెత్తిన పెట్టుకుని పరంజా మీద మళ్లినప్పుడు గాలి వీస్తుంది. మోకాలు ఉన్నట్టుండి జారిపోతుంది. "కాలు నాది కాదన్నట్టు ఉంటుంది" అని రోగులు చెప్పే మాట ఇదే.

జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య ఆ నెలవంక మెత్త నలుగుతుంది. కొన్నిసార్లు చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుని కాలు చాపలేకుండా పట్టేస్తుంది. మెత్త పోయాక గుజ్జు అరగడం మొదలవుతుంది. ఏసీఎల్ గాని, మెనిస్కస్ గాని దెబ్బతిన్నవారిలో సగటున సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో మోకాలి అరుగుదల కనబడుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. 22 ఏళ్ల కుర్రాడు ఈరోజు నిర్లక్ష్యం చేస్తే 40 ఏళ్లకే ముసలి మోకాలు వస్తుందన్న మాట. అప్పుడు కావాల్సింది మోకీలు మార్పిడి. దాని ఖర్చు, దాని బాధ వేరే స్థాయిలో ఉంటాయి.

మొదట చేయాల్సినవి, చేయకూడనివి

దెబ్బ తగిలిన వెంటనే ఆట గాని, పని గాని ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐస్ గడ్డను 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, మళ్లీ కొన్ని గంటలకు పెట్టాలి. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. సాగే పట్టీ మరీ బిగుతు కాకుండా చుట్టి, కాలిని దిండు మీద ఎత్తుగా ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనెతో గట్టిగా రుద్దడం, మోకాలిని లాగి సరిచేయడం వద్దు. లోపల కారుతున్న రక్తం ఇంకా ఎక్కువవుతుంది.

మన రాయలసీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు రాని ఇల్లు లేదు. ఆ కట్టు మీద ప్రజలకున్న నమ్మకాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ విరిగిన ఎముక వేరు, తెగిన ఏసీఎల్ వేరు. కీలు లోపలి నీటిలో మునిగి ఉండే ఆ పట్టీ రెండు కొసలూ దూరమయ్యాక బయటి నుంచి ఏ కట్టు కట్టినా వాటిని కలపలేం. పైగా వారాల తరబడి కాలు కదపకుండా కట్టి ఉంచితే తొడ కండరం సన్నబడుతుంది, మోకాలు బిగుసుకుంటుంది. నిలకడ తిరిగి రాకపోగా ఉన్న కదలిక కూడా పోతుంది.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని లిగమెంటు కనబడదు. "ఫోటో తీశారు, ఏమీ లేదన్నారు" అన్నంత మాత్రాన లిగమెంటు బాగున్నట్టు కాదు. అనుభవమున్న ఎముకల డాక్టర్ మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, తొడను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాలిని ముందుకు లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. రెండో కాలితో పోల్చి చూస్తే తేడా చేతికే తెలిసిపోతుంది. అవసరమైతే ఎం.ఆర్.ఐ. స్కాన్ రాస్తారు. వాపు, నొప్పి బాగా ఉన్న మొదటి రోజుల్లో చేతి పరీక్ష సరిగ్గా కుదరకపోవచ్చు. ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటే తప్పకుండా వెళ్లాలి. మన రోగులు ఎక్కువగా మానేసేది ఈ రెండో రాకనే.

ఆపరేషన్ అందరికీ కాదు

లిగమెంట్ దెబ్బ అనగానే ఆపరేషన్ అనుకోనక్కర్లేదు. ఎంసీఎల్‌కు రక్త ప్రసారం బాగుంటుంది కాబట్టి బ్రేస్ వేసుకుని, వ్యాయామం చేస్తే చాలామందికి అతుక్కుంటుంది. పీసీఎల్ కొంతవరకే తెగినప్పుడు కూడా తరచు ఇలాగే నయం చేస్తారు. ఏసీఎల్ విషయం కాస్త చిక్కైనది. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీ యువకులపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. కొందరికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతావారికి ముందు వ్యాయామం ఇచ్చి, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్లకు రెండు గుంపుల పరిస్థితి దాదాపు సమానంగా ఉంది. ఆగి చూసిన 59 మందిలో 36 మందికి అప్పటిదాకా ఆపరేషన్ అవసరమే పడలేదు. అయిదేళ్లకు వారిలో సగం మంది చేయించుకున్నారు. మరోవైపు 2022లో బ్రిటన్‌లో 316 మందిపై వెలువడిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. దెబ్బ పాతదై, మోకాలు పదే పదే జారుతున్నవారికి వ్యాయామం ఒక్కటే కన్నా ఆపరేషన్ ఎక్కువ మేలు చేసింది.

ఈ రెండూ కలిపి చూస్తే మనకు దొరికే సూత్రం ఇది: తెగిందా లేదా అన్నది ఒక్కటే కాదు, జారుతోందా లేదా అన్నది ముఖ్యం. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే 50 ఏళ్ల మనిషి మంచి వ్యాయామంతో నెట్టుకురావచ్చు. పరంజా ఎక్కే 25 ఏళ్ల బేల్దారికి అదే మోకాలు చాలదు.

లిగమెంటును శస్త్రచికిత్సతో సరిచేయడం ఇవాళ్టిది కాదు. 1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఆర్థర్ మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక మనిషి మోకాల్లో తెగిన లోపలి లిగమెంట్లను కుట్టారు. ఆ రోగి రాజూ కాదు, ఆటగాడూ కాదు, బొగ్గు గని కార్మికుడు. అంటే ఈ వైద్యం పుట్టిందే ఒక కూలివాడి కాలు నిలబెట్టడానికి. ఇప్పుడు కుట్టడం తగ్గింది. రోగి తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు ముక్క తీసి, చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, ఎముకల్లో సొరంగాలు చేసి కొత్త తాడులా బిగిస్తారు.

అసలు పరీక్ష 9 నెలలు

ఆపరేషన్ గంట రెండు గంటల్లో అయిపోతుంది. అక్కడితో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. కొత్తగా పెట్టిన ముక్కకు రక్తనాళాలు లేవు. శరీరం దాన్ని ముందు కొంత మెత్తబరచి, తర్వాత నెమ్మదిగా సొంత లిగమెంటులా మార్చుకుంటుంది. రెండు మూడు నెలల దగ్గర అది చాలా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే రోగికి నొప్పి తగ్గి, హుషారు వచ్చి, బరువు ఎత్తాలనిపిస్తుంది. ఎక్కువ శ్రమ పడే ఆటకైనా, పనికైనా 9 నెలలకు ముందు తిరిగి వెళ్లకపోవడం మంచిదని ఇప్పటి వైద్యుల అభిప్రాయం.

ఈ 9 నెలల్లో జరగాల్సింది క్రమబద్ధమైన ఫిజియోథెరపీ. మొదట కాలు పూర్తిగా చాపగలగాలి. మోకాలి కింద తువ్వాలు మడిచి పెట్టి దాన్ని కిందికి నొక్కి పట్టడం, కాలు చాచి పైకెత్తడం, మడమను మంచం మీద జార్చుతూ మోకాలు వంచడం మొదటి మెట్లు. తర్వాత గోడకు ఆనుకుని కొంచెం కొంచెంగా వంగడం, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలవడం. చివర్లో పరుగు, మలుపు, గెంతు. ఒంటికాలి మీద నిలవడం చిన్నపిల్లల ఆటలా కనబడినా, ఇందాక చెప్పిన ఆ తెగిపోయిన కబురును కండరాలకు మళ్లీ నేర్పేది అదే.

దీనికి మన తెలుగునాట అందరికీ తెలిసిన సాక్ష్యం పుల్లెల గోపీచంద్. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలి లిగమెంట్లు తెగాయి. ఒకటి కన్నా ఎక్కువసార్లే ఆపరేషన్లు జరిగాయి. 1996 నుంచి 2000 దాకా వరుసగా అయిదేళ్లు జాతీయ చాంపియన్‌గా నిలిచి, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించారు. ప్రకాశ్ పదుకొనే 1980లో గెలిచిన తర్వాత ఆ కప్పు తెచ్చిన రెండో భారతీయుడు ఆయనే. సర్జన్ కత్తి ఒక్కటే ఆ మోకాలిని ఆ మెట్టు ఎక్కించలేదు. రోజూ చేసిన వ్యాయామం, ఆ కాలమంతా వెనక నిలిచిన కుటుంబం ఎక్కించాయి. మన బేల్దారికి వ్యాయామం చేసే ఓపిక ఉంటుంది. ఆ కాలమంతా ఇంట్లో పొయ్యి వెలగాలి, అది అతని చేతిలో ఉండదు.

నమాజు, మోకాలు

రోగులు డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది, "నమాజు ఎలా?" అని. రుకూలో మోకాళ్లు చాపే ఉంటాయి కాబట్టి చాలామందికి ఇబ్బంది ఉండదు. సజ్దా, ఖాదాలలోనే మోకాలు పూర్తిగా మడవాలి. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో అంత వంచడం, మోకాలి మీద బరువు మోపడం ప్రమాదం. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు వాలి నమాజు చేయవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ రజియల్లాహు అన్హు గారికి ప్రవక్త సల్లల్లాహు అలైహి వ సల్లం అనుమతి ఇచ్చినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. కాబట్టి కుర్చీలో నమాజు చేయడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఎంతవరకు నిలబడాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్న వివరాలు మీ మసీదు ఇమామ్ గారిని అడగండి. ఎంత వంచవచ్చో డాక్టర్ గారిని అడగండి. "ఇంకా కుర్చీలోనేనా భాయ్?" అని పక్కవాళ్లు తొందరపెట్టకుండా ఉంటే అదే వారు చేసే పెద్ద సాయం.

మన చుట్టూ ఉన్నది, మనం పూడ్చాల్సింది

వైద్యం విషయంలో పుట్టపర్తి వాసులం అదృష్టవంతులం. 1991 నవంబర్ 22న ప్రశాంతిగ్రామ్‌లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో కులమతాల తేడా లేకుండా ఉచితంగా చికిత్స చేస్తారు. అక్కడ ఎముకల విభాగం ఉంది. బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం విషయంలోనూ మన జిల్లాకు పాత అనుబంధం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో ఉమ్మడి అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో ఏ మోకాలి చికిత్స వస్తుందో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

అయితే ఈ ఉచితం అంతా ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. గేటు బయట ఖర్చు వేరే ఉంటుంది. వారానికి రెండు మూడుసార్లు ఫిజియోథెరపీకి రావడానికి ఆటో చార్జీలు, బస్సు చార్జీలు. బ్రేస్, చేతికర్రలు. తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి. అన్నిటికన్నా పెద్దది, పనికి పోలేని ఆ నెలల్లో ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు. ఈ ఖర్చుకు తాళలేకే మనిషి మూడో నెలలో వ్యాయామం మాని గంప ఎత్తుతాడు. కొత్త తాడు అత్యంత బలహీనంగా ఉండేది అప్పుడే. అది మళ్లీ తెగితే ఉచితంగా జరిగిన ఆపరేషన్ కూడా వృథా అవుతుంది.

అందుకే దాతలకు మా మనవి. మోకాలి రోగి అర్జీ వచ్చినప్పుడు "ఆపరేషన్ ఉచితమే కదా, మనమిచ్చేదేముంది?" అనుకోకండి. ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కన్నా నెలనెలా కొద్దిగా, 9 నెలల పాటు ఇవ్వడం ఈ జబ్బులో ఎక్కువ మేలు చేస్తుంది. ఒక కుటుంబానికి నెల సరుకులు ఒక దాత, బస్సు చార్జీలు మరో దాత, బ్రేస్ మరొకరు పంచుకోవచ్చు. వాడి పక్కన పెట్టిన చేతికర్రలు, వాకర్లు, బ్రేసులు మీ ఇళ్లలో అటక మీద ఉంటే అవి ఇచ్చినా చాలు. దుకాణం, వర్క్‌షాపు, గోడౌన్ ఉన్న సోదరులు ఆ నెలల్లో కూర్చుని చేసే పని ఒకటి ఇప్పించగలిగితే అది అన్నిటికన్నా గొప్ప సాయం. దానితో మనిషి చేయి చాచాల్సిన అవసరం ఉండదు.

మన పిల్లలకు, పనివాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. మోకాలు వాచి, కాలు జారుతుంటే వాపు తగ్గే దాకా కాదు, డాక్టర్ చూసే దాకా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వంగుతోందా అని మాత్రమే కాదు, నిలుస్తోందా అని చూసుకోవాలి.

దెబ్బ తగిలినవారికి అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వారు తిరిగి తమ కాళ్ల మీద నిలబడి హలాల్ సంపాదనతో ఇల్లు నడుపుకునే భాగ్యం కలిగించుగాక. వారికి ఊతగా నిలిచిన ప్రతి చేతికీ ఇహపరాలలో మేలు చేయుగాక. ఆమీన్.